కలివికోడి ఎక్కడికీ పోలేదు

నందికొండ దగ్గర లాంచీ ఎక్కి కృష్ణ జలాశయంలో కొంత దూరం పోతే నీటి నడుమ ఒక కొండ తగులుతుంది. అదే నాగార్జునకొండ. ఇప్పుడది ద్వీపం. ఒకప్పుడు దాని చుట్టూ లోయ ఉండేది. ఆ లోయలో మూడవ, నాలుగవ శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు ఉండేవి. అవి లోకానికి తెలిసిన వైనం మీలో కొందరైనా చదివే ఉంటారు. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926లో శాసన విభాగపు తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి పరిశీలించాడు. ఆ తరువాత లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు జరిపించాడు. పుస్తకాల్లో దొరగారికి అధ్యాయాలు దక్కాయి, పంతులుగారికి ఒక వాక్యం దక్కింది.

ఆ వాక్యమైనా దక్కినందుకు సంతోషించాలి. ఎందుకంటే పంతులుగారి కంటె ముందు కూడా ఆ స్తంభం ఎవరికీ కనబడకుండా లేదు. లోయలో మేకలు కాచుకునేవారు దాని నీడన సద్ది విప్పుకునే ఉంటారు. పోయినది స్తంభం కాదు, దాన్ని గురించి అడిగేవాడు.

ఈ మాటలన్నీ ఒక పక్షి కోసం చెబుతున్నాను. దాని పేరు కలివికోడి. ఆంగ్లంలో జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900 నుంచి 1986 దాకా ఎనభయ్యారేళ్ళు అది పుస్తకాలలో లేదు. పెన్నా లోయలో మాత్రం ఉన్నది.

నాకు ఈ పక్షి మీద ఆసక్తి కలగడానికి మా చిన్నతాత కారణం. ఆయన ఊరు జలాశయపు మునకలో పోయింది. ఆ తరువాత నందికొండకు ఈవల, తుమ్మలూ పరికికంపలూ పెరిగిన మెరకలో గుడిసె వేసుకుని ఉండేవాడు. కుర్రతనంలో కౌజుపిట్టలకు ఉచ్చులు పెట్టినవాడు. ఒక వేసవి రాత్రి ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు కంపల్లోంచి ఏదో పిట్ట గట్టిగా, తెంపులు తెంపులుగా అరిచింది. తీతువు అరుస్తున్నదేమో, ఎవరికి మూడిందో అన్నాను నేను, మన ఇళ్ళల్లో అందరూ అనే మాటే. తాత నవ్వాడు.

"తీతువు కాదు బిడ్డా. తీతువు గొంతు నాకెరుక లేదా? ఇది వేరే పిట్ట. పొద్దుగూకినంక లేస్తది, పగలంత కంప కింద పండుకుంటది."

నేను అప్పటికే కలివికోడి గురించి చదివి ఉన్నాను. రాత్రి తిరిగే పిట్ట, కంపల్లో ఉండే పిట్ట, తీతువును పోలిన పిట్ట. నా గుండె ఎంత వేగంగా కొట్టుకున్నదో చెప్పలేను. కృష్ణ ఒడ్డున కలివికోడిని కనిపెట్టిన మహానుభావుడిగా నన్ను నేను అప్పుడే ఊహించుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు అసలు చరిత్ర.

థామస్ జెర్డన్ 1811లో ఇంగ్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో వైద్యుడిగా మన దేశం వచ్చాడు. వైద్యం వృత్తి, పక్షులు వ్యసనం. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న కాలంలో అడవిని ఎరిగిన యానాదుల వద్ద జంతువుల గురించి ఎంతో నేర్చుకున్నాడు. తాను వర్ణించిన పక్షులకు శాస్త్రీయ నామాలతో బాటు స్థానిక భాషల పేర్లు కూడా రాసుకునేవాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు చాలా కనిపిస్తాయి. మన నిఘంటుకారులు ఆ పేర్లను ఇంకా పూర్తిగా ఏరుకోలేదని నా అభిప్రాయం.

1848లో జెర్డన్ సేకరించిన ఒక పక్షిని కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ కొత్త జాతిగా ప్రకటించాడు. దాని జాతినామం బైటార్క్వేటస్, అంటే రెండు కంఠాభరణాలు గలది అని అర్థం. పేరు సార్థకం. జానెడు పైచిలుకు పొడవు, అంటే సుమారు 27 సెంటీమీటర్లు ఉండే ఈ పక్షి రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి, రెండు పేటల గొలుసు వేసినట్టు. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, కంటిమీద వెడల్పైన తెల్లని చార, మొదలు పసుపుగా కొన నల్లగా ఉండే చిన్న ముక్కు. వీటన్నిటికంటె ముఖ్యం, తలకు మించినంత పెద్ద కళ్ళు. ఆ కళ్ళను ఆనాడే సరిగా చదివి ఉంటే కథ మరోలా నడిచేది.

జెర్డన్ చూసింది నెల్లూరు, కడప ప్రాంతాల్లో, పెన్నా పరీవాహకంలో. ఆ తరువాత భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో, సిరొంచ, భద్రాచలం వైపున చూశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూశాడు. అంతే. అటుపై పుస్తకాల్లో నిశ్శబ్దం. కింద పెన్న, పైన గోదావరి, రెంటి నడుమ మన కృష్ణ. పటం మీద వేలుపెట్టి చూసుకుంటే నాకు కలిగిన ఆశను మీరు క్షమిస్తారనుకుంటాను.

ఇరవయ్యవ శతాబ్దంలో దీన్ని వెదికినవారు లేకపోలేదు. వెదికారు, దొరకలేదు. దొరకకపోవడానికి కారణం చాలా చిన్నది. దీని చుట్టాలైన మరికొన్ని పక్షులు పగటిపూట బీళ్ళలో, దున్నిన చేలలో పరుగులు తీస్తాయి. ఇదీ అలాంటిదే అనుకుని పగటిపూట వెదికారు. ఇది రాత్రి పక్షి. పగలు పొద నీడన మన్నులో మన్నై కూర్చునే పక్షిని పగలు వెదికితే దొరికేది మన్నే.

ఇటువంటి పొరపాటు మన దగ్గరే జరిగిందనుకోవద్దు. ఇంతకంటె పెద్ద ఉదాహరణ అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్నది. బెర్ముడా దీవుల్లో కహౌ అనే సముద్రపు పక్షి ఉంది. బతుకంతా నడిసంద్రంలో, గుడ్డు పెట్టడానికి మాత్రం నేలకు వస్తుంది. నేలలో బొరియ తవ్వుకుని అందులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. రాకపోకలన్నీ చీకట్లోనే. రాత్రివేళ వేలాది పక్షులు చేసే వింత అరుపులు విని నావికులు ఆ దీవులను దయ్యాల దీవులన్నారని చెబుతారు. మన తీతువుకు మనం అంటగట్టిన అపకీర్తి వంటిదే.

1609లో ఇంగ్లీషువారి ఓడ ఒకటి అక్కడ చితికి, ఆపై వలస మొదలయ్యింది. మనుషులు పక్షులను తిన్నారు. పందులు, ఎలుకలు, పిల్లులు, కుక్కలు బొరియలు తవ్వి మిగిలినవి తిన్నాయి. 1620లు వచ్చేసరికి కహౌ అంతరించిందని అందరూ నమ్మారు. మూడు వందల ఏళ్ళు అది పాత యాత్రాకథల్లోని పక్షి మాత్రమే. 1906లో లూయీ మౌబ్రే అనే బెర్ముడా వాసి ఒక రాతి నెర్రెలో సజీవంగా ఒక పక్షిని పట్టుకున్నాడు గాని, అది ఆ పాత కథల్లోని కహౌయే అని వెంటనే ఎవరూ పోల్చుకోలేదు. 1935లో ఒక పిల్ల పక్షి దీపస్తంభానికి కొట్టుకుని పడింది. సాక్ష్యాలు వస్తూనే ఉన్నాయి. చివరికి 1951 జనవరిలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ కుష్మన్ మర్ఫీ, మౌబ్రే కుమారుడు కలిసి చిన్న చిన్న రాతి దిబ్బలపై వెదికారు. వెంట డేవిడ్ వింగేట్ అనే పదిహేనేళ్ళ స్థానిక కుర్రవాడు ఉన్నాడు. లోతైన నెర్రెలోకి కర్రకు కట్టిన ఉచ్చును దూర్చి పక్షిని బయటికి లాగారు. మొత్తం దొరికినవి 18 జంటలు.

ఆ కుర్రవాడు పెద్దవాడై జీవితమంతా ఆ పక్షికే ధారపోశాడు. దిబ్బలపై మన్ను లేదు, పక్షికి బొరియ తవ్వుకోవడానికి చోటు లేదు. నెర్రెల్లో గూడు పెడితే మరో సముద్రపు పక్షి వచ్చి పిల్లను చంపేది. కహౌ మాత్రమే దూరగలిగేటంత కంత చేసిన చెక్కలను వాకిళ్ళకు బిగించారు, సిమెంటుతో కృత్రిమ బొరియలు కట్టారు. ఈనాడు అక్కడ 150కి పైగా జంటలు ఉన్నాయి. దొరకబుచ్చుకోవడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం ఒక జీవితకాలపు పని అని ఈ కథ వల్ల నాకు తెలిసింది. కలివికోడి విషయంలో మనం మొదటి పని చేశాము. రెండవ పనిలో ఎంత చేశామన్నదే ప్రశ్న.

ఇప్పుడు మళ్ళీ పెన్నా లోయకు వద్దాం. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడిని కడప ప్రాంతానికి పంపారు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పక్షి కంటె ముందు మనుషులను వెదికాడు. బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి పొదల్లో మసిలేవారిని, వేటగాళ్ళను అడిగాడు. వారికి పక్షి తెలుసు. దానికి పేరు కూడా ఉన్నది. కలివిపొదల మాటున ఉంటుంది కాబట్టి కలివికోడి. మన వాక్కాయకు దగ్గరి చుట్టమైన ఆ ముళ్ళపొద మీకు తెలిసే ఉంటుంది, తెల్లని పూలు, నల్లగా పండే చిన్న కాయలు. ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుందన్న రహస్యం కూడా వారికి రహస్యం కాదు.

1986 జనవరిలో లంకమల కొండల దిగువన, రెడ్డిపల్లి పరిసరాల్లో, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక పక్షిని పట్టి తెచ్చాడు. రొమ్మున రెండు పట్టీలు. ఎనభయ్యారేళ్ళ నిశ్శబ్దం ఆ వెలుగులో తొలగిపోయింది. దురదృష్టం, ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. దాని చావు వృథా పోలేదని మాత్రం చెప్పాలి. 1988లో ఆ ప్రాంతాన్ని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. అదే సంవత్సరం తపాలాశాఖ కలివికోడి బొమ్మతో రూపాయి బిళ్ళ వేసింది. ఐతన్న పేరు శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. వెంకటరామయ్య పంతులుగారి లాగే ఈయనకూ ఒక వాక్యం.

ఉన్నదని తెలిసిన తరువాత కూడా దాన్ని చూడటం సులువు కాలేదు. 2000 తరువాత జగన్నాథన్ ప్రభృతులు అవలంబించిన పద్ధతి నాకెంతో నచ్చింది. పొదల నడుమ నేలను చదునుచేసి మెత్తని మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి ఏ ప్రాణి నడిచినా తెల్లవారేసరికి దాని అడుగులు మట్టిలో ఉంటాయి. కలివికోడి పాదానికి ముందు వైపు మూడు వేళ్ళే, వెనుక వేలు లేదు. కౌజుల అడుగుల నుంచీ, తీతువుల అడుగుల నుంచీ దాన్ని వేరుచేసి పోల్చుకోవాలి. వాటి పక్కనే తమంతట తామే బొమ్మ తీసే కెమెరాలు పెట్టారు. తరువాత కూత చిక్కింది. సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు మొదలై, కొద్ది నిమిషాలపాటు రెండక్షరాల కూత వినిపించి ఆగిపోతుంది. రోజు మొత్తంలో అంతే. ఆ నిమిషాల్లో అక్కడ లేకపోతే ఆ అడవిలో ఆ పక్షి లేనట్టే.

ఈ పరిశోధనలో తేలిన మరో సంగతి మనం గమనించదగ్గది. ఈ పక్షికి చిక్కని అడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. పొదకూ పొదకూ నడుమ పరుగెత్తే జాగా ఉండాలి. కొంత మేపు, కొంత కంపకొట్టుడు ఉంటేనే అటువంటి నేల అలా నిలుస్తుంది. మితిమీరితే పోతుంది. అంటే మేకల కాపరికి, పక్షికి మధ్య ఒక పాత ఒడంబడిక ఉన్నదన్నమాట. దాన్ని ఎవరూ రాసుకోలేదు. పొదలను బుల్డోజరుతో పెకలించినప్పుడు ఆ ఒడంబడిక తెగిపోతుంది.

పోల్చుకోవడంలోని చిక్కుకు ఇంకో నిదర్శనం. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఒక గుడ్డు చాలాకాలంగా ఉన్నది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో దొరికినది. అది కలివికోడి గుడ్డేనని 2013లో డి.ఎన్.ఏ. పరీక్ష ద్వారా తేల్చారు. కోలారు అంటే మనవాళ్ళు నిండుగా ఉన్న ఊరే కదా. పక్షి 1900లో మాయమైందని పుస్తకాలు చెబుతున్న కాలంలో, పదిహేడేళ్ళ తరువాతి గుడ్డు సొరుగులో కూర్చుని ఉన్నది. అడిగేవాడు లేక.

ఇక బాధ కలిగించే భాగం. తెలుగుగంగ గురించి మీకు చెప్పనక్కరలేదు. 1983లో మొదలైన పథకం. శ్రీశైలం దగ్గర తీసుకున్న కృష్ణ నీరు వెలుగోడు, బ్రహ్మంసాగరం మీదుగా సీమ పొలాలకూ, ఆపైన మద్రాసు గొంతులకూ చేరుతుంది. దాహం తీర్చే నీటిని నేను తప్పుపట్టను, సీమ దాహం నాకు తెలుసు. కాని 2005లో కాలువ తవ్వకం కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చింది. జాడలు దొరికిన నేల కొంత పెకలిపోయింది. పరిశోధకులు, అటవీశాఖ వారు అడ్డుపడగా కాలువ దారి మార్చారు. కొంత పోయింది, కొంత మిగిలింది.

నందికొండ వాడినైన నాకు ఇందులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అదే కృష్ణ. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఈ నడుమ, 1954 నుంచి 1960 దాకా, సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి కొండమీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. రాతిని మోసుకుపోవచ్చు, అంకెలు వేసి మళ్ళీ పేర్చవచ్చు. కంపను మోసుకుపోలేము. కొండమీది ప్రదర్శనశాలలో బుద్ధుడున్నాడు, ఆయకస్తంభాలున్నాయి. లోయలోని పొదలకు ప్రదర్శనశాల లేదు.

ఆ తరువాత చాలా ఏళ్ళు కలివికోడి మళ్ళీ నిశ్శబ్దంలోకి వెళ్ళింది. రెండవసారి కూడా పోయిందేమోనని నేను దిగులుపడ్డాను. 2025 ఆగస్టులో పక్షిప్రేమికుల బృందమొకటి ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేసిందన్న వార్త చదివిన రోజున ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. ఎందుకో మా ఆవిడకు చెప్పేసరికి, పిట్ట అరిచినందుకు మిఠాయి పంచే మనిషిని ఎక్కడా చూడలేదన్నది.

ఇప్పుడు మా తాత సంగతి. ఆ రాత్రి నేను ఆత్రంగా అడిగాను, "తాతా, దాని రొమ్ము మీద రెండు పట్టీలున్నయా? గొలుసుల లెక్క?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నన్ను సంతోషపెట్టడానికి అవునని ఉంటే నేను నమ్మేవాణ్ణే.

"పట్టీలెక్కడియి బిడ్డా. ఒళ్ళంత సన్నసన్న గీతలే. కోడంత ఉంటది. కండ్లు మాత్రం గింతింత, పసుపుపచ్చగ."

అంతటితో నా కీర్తి కాంక్ష కృష్ణలో కలిసిపోయింది. గీతలు, కోడంత దేహం, పచ్చని కళ్ళు. అది మెరక నేలల్లో మామూలుగా ఉండే మరో రాత్రిపక్షి, ఆంగ్లంలో స్టోన్ కర్లూ అంటారు. పెన్నా లోయలో కూడా మనుషులు చీకట్లో చూసి పొరబడగలిగే పక్షి అదే. చిన్నతాత చీకట్లోంచి, వినికిడి నుంచి, యాభై ఏళ్ళ కిందటి జ్ఞాపకం నుంచి దాన్ని తప్పులేకుండా పోల్చాడు. ఉన్నదాన్ని ఉన్నదనీ, లేనిదాన్ని లేదనీ చెప్పాడు. అంతకు మించి ఏ శాస్త్రవేత్త చెబుతాడు?

ఒక్క పొరపాటు నాది. తాత దాన్ని ఏ పేరుతో పిలిచేవాడో ఆ రాత్రి అడగలేదు. నాకు కావలసిన పక్షి కాదని తెలియగానే అటు తిరిగి పడుకున్నాను. మరుసటి ఏడాది ఆయన పోయాడు. కలివికోడిని ఎనభయ్యారేళ్ళు పోగొట్టుకున్న దొరలను ఇంతసేపు ఎద్దేవా చేశాను గదా, నేను చేసినదీ అదే పని.

అందుకని మిత్రులకు ఒక మనవి. మీ ఊళ్ళలో పొద్దుగూకిన తరువాత ఏ పిట్ట అరుస్తుందో, దాన్ని మీ పెద్దలు ఏమంటారో అడిగి తెలుగులో రాసిపెట్టండి. అడిగేవాళ్ళు ఉన్నంతకాలం ఏ పక్షీ పూర్తిగా పోదు. చెప్పేవాళ్ళు మాత్రం, మనం అటు తిరిగి పడుకున్న రాత్రే పోతారు.